కాలము తప్పిన సైనికుడు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నాకు నచ్చిన యొక పుస్తకమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. భాగవతముతో ఆరంభించెదను. కకుద్మి మహారాజు తన కుమార్తె రేవతికి తగిన వరుని గూర్చి అడుగుటకై బ్రహ్మలోకమున కేగెను. అచ్చట గానము ముగియువఱకు కొంతసేపు వేచియుండెను. అంతలో భూలోకమున 27 మహాయుగములు గడచిపోయెను. తాను తలచిన వరులు లేరు. వారి మనుమలును లేరు.

1974లో అమెరికా రచయిత జో హాల్డ్‌మన్ ప్రకటించిన 'ది ఫరెవర్ వార్' నవలలో ఆ రాజు స్థానమున ఒక సామాన్య సైనికుడున్నాడు. పేరు మాండెల్లా. భౌతికశాస్త్రము చదువుచుండగా నిర్బంధముగా సైన్యమున చేర్చబడినవాడు. అతని యుద్ధము నక్షత్రముల నడుమ, టారన్లను పరజాతితో. కాంతివేగమునకు చేరువగా పోవువానికి కాలము మెల్లగా నడచునని ఐన్‌స్టీన్ 1905లో చూపెను గదా! మాండెల్లాకు రెండేండ్లు గడచునప్పటికి ఇంటివద్ద 26 ఏండ్లు గడచెను.

తిరిగివచ్చిన వానికి తండ్రి లేడు. తల్లి ముదుసలియై యుండెను. ఆ వయస్సువారికి వైద్యము చేయించుట వ్యర్థమని ప్రభుత్వము నిర్ణయించియుండుటచే, కన్నులయెదుటనే ఆమెను పోగొట్టుకొనెను. జీతము వడ్డీతో పెరిగియున్నది గాని, దానితో కొనదగిన ఇల్లు ఏదియు అతనికి తన యిల్లుగా తోపలేదు. మరల సైన్యమునకే పోయెను. తుదకు అతని మాట తెలియుటకై అతని సైనికులే పాత ఇంగ్లీషు నేర్వవలసివచ్చెను. 1143 ఏండ్లు సాగిన ఆ యుద్ధము పొరపాటున మొదలైనదని చివర తేలును. అతడు వలచిన మేరీగే మాత్రము ఓడనెక్కి వేగముగా పోవుచు వచ్చుచు, పదేండ్లకొక నెల చొప్పున ముదియుచు అతనికై వేచియుండెను.

హాల్డ్‌మన్ 1967లో నిర్బంధముగా సైన్యమున చేర్చబడి, వియత్నాములో గాయపడినవాడు. ఈ గ్రంథమును 18 మంది ప్రకాశకులు త్రిప్పిపంపిరి. మొదట అచ్చువేసిన పత్రికాసంపాదకుడు సైనికుడు ఇల్లు చేరిన భాగము మిక్కిలి దిగులు పుట్టించుచున్నదని దానిని వదలి, తేలికయైన వేఱొక భాగమును వ్రాయించుకొనెను. యుద్ధమును చదువగోరినవారికి తిరిగివచ్చినవాని గోడు అక్కఱలేకపోయెను! ఈ సభలో సైన్యమునుండి వచ్చినవారు కొందఱున్నారు; ఆ భాగము ఎట్టిదో వారికి నేను చెప్పనక్కఱలేదు. రచయిత ఊహించిన భావిసమాజములో నేనొప్పుకొనలేని విషయములు గలవు. ఈ భాగములో మాత్రము లేవు.

తరువాతి ముద్రణలలో రచయిత దానిని మరల చేర్చెను. కార్యదర్శిగారు ఈ పుస్తకమును తెప్పించునెడల ఆ ముద్రణనే తెప్పింపవలెనని మనవి.