మార్త అడిగినట్టే అడగొచ్చా?

ఈ ఎపిసోడ్ అశ్వారావుపేటలో మా ఇంటి నుంచే రికార్డ్ చేస్తున్నా. 2021 మే నెల, కరోనా సెకండ్ వేవ్. మొన్నటిదాకా పామాయిల్ తోటలో గెలలు కోయించిన నాన్నను సత్తుపల్లి మీదుగా ఖమ్మం తీసుకెళ్ళాం. సంఘమంతా ఉపవాస ప్రార్థన చేశారు. తొమ్మిదో రోజు నాన్న ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఎర్రర్ వస్తే లాగ్స్ చూస్తాను. ప్రార్థనకి లాగ్స్ ఉండవు. వచ్చినవాళ్ళందరూ "దేవుని చిత్తం బాబూ" అన్నారు. నిజం చెప్తున్నా, నాకు కోపమే వచ్చింది. కొన్ని నెలలు బైబిల్ తెరవలేదు.

తర్వాత యోహాను సువార్త 11వ అధ్యాయం చదివాను. లాజరుకి జబ్బని కబురు అందాక కూడా యేసు ప్రభువు రెండు రోజులు ఉన్నచోటే ఉండిపోయారు. బేతనియకి వచ్చేసరికి లాజరును సమాధిలో పెట్టి నాలుగు రోజులు. మార్త ఎదురెళ్ళి, నువ్వు ఉండుంటే నా తోడబుట్టినవాడు బతికేవాడని మొహం మీదే అనేసింది. ప్రభువు ఆమెను గద్దించలేదు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన ఏడ్చారు!

మా నాన్న లేవలేదు. పునరుత్థానాన్ని నమ్ముతాను, కానీ సాయంత్రమైతే వాకిట్లో ఆయన కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఇప్పుడు నేనూ అడుగుతున్నా, ఎందుకు ఆలస్యం చేశావు ప్రభువా అని. జవాబు ఇంకా రాలేదు. అడగడం మాత్రం ఆయన్నే అడుగుతున్నా.

మీకూ ఇలాంటి కోపం ఉంటే, ఈ రాత్రి ఆ అధ్యాయం ఒకసారి చదవండి. వచ్చేవారం కలుద్దాం.