వృద్ధులకు మనం పడిన బాకీ
(మైదుకూరులో జుమా ప్రసంగ పాఠం)

 



మక్కా విజయం నాటి సంఘటన ఒకటి హదీసు గ్రంథాలలో ఉన్నది. హజ్రత్ అబూబక్ర్ (రజి) తన తండ్రి అబూ ఖుహాఫాను చేయి పట్టుకుని దైవప్రవక్త (సఅసం) సన్నిధికి తీసుకువచ్చారు. ఆ తండ్రి అప్పటికి పండు ముదుసలి. చూపు పోయింది, తల, గడ్డం పూర్తిగా తెల్లబడ్డాయి. ఆయనను చూడగానే దైవప్రవక్త (సఅసం), ఈ పెద్దాయనను ఇంట్లోనే ఉండనివ్వవలసింది, మేమే ఆయన దగ్గరకు వెళ్లేవారం కదా అన్న భావంతో పలికారు. ఆనాడు ఆయన మక్కా నగరానికి విజేత. పదివేల సైన్యం ఆయన ఆజ్ఞ కోసం నిలబడి ఉన్నది. అంతటి తీరికలేని దినాన కూడా, నడవలేని ముసలివాని గడపకు తానే వెళ్లడం న్యాయమని ఆయన భావించారు.

అధికారం వృద్ధుని వద్దకు నడచివెళ్లాలా, వృద్ధుడు అధికారం వద్దకు నడచిరావాలా అన్న ప్రశ్న మన రాష్ట్రంలో ఇటీవలి వరకు కూడా తేలలేదు. 2020 ఫిబ్రవరి నుండి పింఛను సొమ్ము ఇంటి గడప వద్దకే రావడం మొదలైంది. 2024 ఎన్నికల సమయంలో వాలంటీర్ల ద్వారా పంపిణీ ఆగిపోయింది. ఏప్రిల్‌లో సచివాలయాల ముందు, మే నెలలో బ్యాంకుల ముందు మన పెద్దలు నిలబడవలసి వచ్చింది. మన కడప జిల్లాలో మే నెల ఎండ ఎటువంటిదో మీకు చెప్పనక్కరలేదు. తప్పు నీదంటే నీదని పార్టీలు వాదించుకున్నాయి. ఆ వాదం మన మింబరు మీదికి రానవసరం లేదు. ఎవరు పాలించినా, నడవలేనివాని గడపకు సొమ్ము చేరాలన్నది మాత్రం మనం గట్టిగా అడగవలసిన విషయం. ఆ ఏడాది జూలై 1 నుండి సచివాలయ ఉద్యోగులు తిరిగి ఇంటింటికీ వస్తున్నారు. దానికి అల్లాహ్‌కు కృతజ్ఞతలు, వారికి ధన్యవాదాలు.

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కాలపు మరొక వృత్తాంతాన్ని ఇమామ్ అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్'లో నమోదు చేశారు. ఒక ముసలి యూదుడు వీధిలో యాచించడం ఉమర్ (రజి) చూశారు. వయసులో అతని నుండి పన్ను పుచ్చుకుని, వృద్ధాప్యంలో అతన్ని గాలికి వదలివేయడం న్యాయం కాదని తలచి, అతనికీ, అతనివంటి వారికీ బైతుల్ మాల్ నుండి భృతి ఏర్పాటు చేయించారు. అతని మతాన్ని అడ్డుగా చూడలేదు, తనకు అనుకూలుడా అని ఆరా తీయలేదు. వృద్ధుని పోషణ రాజ్యం చేసే దానం కాదనీ, రాజ్యం పడిన బాకీ అనీ ఆయన గ్రహించారు.

ఆ బాకీ మన దేశంలో ఎలా తీరుతున్నదో చూడండి. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం జాతీయ సామాజిక సహాయ పథకం ప్రారంభించినప్పుడు వృద్ధునికి ఇచ్చినది నెలకు 75 రూపాయలు. తరువాత అది 200 అయింది. 80 ఏళ్లు నిండితే 500. పదిహేనేళ్లకు పైగా కేంద్రం వాటా అక్కడే నిలచిపోయింది. ఈనాడు 200 రూపాయలతో బి.పి. మాత్రలు నెల పొడవునా రావు. మిగిలినదంతా రాష్ట్రం భరిస్తున్నది. మన రాష్ట్రంలో 2014 అక్టోబరులో 1,000, 2019లో 2,000, ఆపైన మెల్లమెల్లగా పెరిగి 2024 జనవరికి 3,000, అదే ఏడాది జూలైకి 4,000 అయింది. 2019లో అర్హత వయసు 65 నుండి 60కి తగ్గింది. రెండు పక్షాల ప్రభుత్వాలూ ఇందులో పాలుపంచుకున్నాయి. మంచిని మంచి అనడానికి మనం వెనుకాడరాదు.

అయితే నియమాలలో మన సీమకు పొసగనివి ఉన్నాయి. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటితే పింఛను లేదు. కె.సి. కాలువ నీరు పారే మూడెకరాలనూ, వాన కోసం ఆకాశం వైపు చూసే పదెకరాల మెట్టనూ ఒకే తూకంలో వేశారు. వరుసగా రెండేళ్లు వానలు లేకపోతే పదెకరాల ఆసామి ఇంట్లోనూ పొయ్యి మండదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటితే అనర్హత. కొడుకులు, కోడళ్లు, మనుమలు ఒకే మీటరు క్రింద కలసి బ్రతికే ఇంట్లో ఆ లెక్క వృద్ధుని ఒక్కని తలపై పడుతుంది. వేరు పడితే పింఛను, కలసి ఉంటే లేదు! ఉమ్మడిగా ఉన్నందుకు శిక్ష వేసే నియమం ఎంతవరకు న్యాయమో పాలకులు ఆలోచించాలి. ఒక కుటుంబానికి ఒకే వృద్ధాప్య పింఛను అన్న నిబంధన వలన ఆ సొమ్ము భర్త చేతికే పోతుంది, భార్యకు తన చేతిలో పైసా ఉండదు. 2024 డిసెంబరు నుండి, పింఛనుదారుడు మరణిస్తే ఆయన భార్యకు జాప్యం లేకుండా పింఛను ఇచ్చే ఏర్పాటు వచ్చింది. ఆమె బ్రతుకులో తొలిసారి సొమ్ము చేతికందడం వితంతువైన తరువాతనా అన్నది వేరే బాధ.

వ్రేలిముద్రల సంగతి కూడా ఉన్నది. పసుపు కొమ్ములు ఏరి, బండలు మోసి, బీడీలు చుట్టి అరిగిపోయిన వ్రేళ్లను యంత్రం గుర్తించదు. కంటిపాపతో, ముఖంతో గుర్తించే పద్ధతులు ఉన్నాయి. వాటిని అడిగి చేయించుకోవాలి. ముద్ర పడలేదని ముసలమ్మను వెనక్కు పంపితే, ప్రక్కనున్న మనం ఊరుకోరాదు.

సోదరులారా! ఇక మన తప్పుల వంతు. ఆధార్ కార్డులో వయసు మార్పించి యాభై ఐదేళ్లకే అరవై అని వ్రాయించుకోవడం మన వాడలలోనూ జరుగుతున్నది. ఇది అబద్ధం, అబద్ధంతో వచ్చిన సొమ్ము హరాం. నిజంగా అరవై ఐదు నిండినా, ఎవరో అంచనాగా వేసిన పుట్టిన సంవత్సరం తప్పై పింఛను రానివారు మరోవైపు ఉన్నారు. దొంగ వయసుల వలననే అధికారులు ఈ నిజమైన వృద్ధులను కూడా అనుమానంగా చూస్తున్నారు. అబద్ధమాడినవాడు ప్రభుత్వం సొమ్మే తిన్నాననుకుంటాడు. నిజానికి అతడు ప్రక్కవీధి ముసలమ్మ అన్నం తిన్నాడు.

అంతకంటే పెద్ద దోషం ఇళ్లలో ఉన్నది. ఒకటవ తేదీ ఉదయం పింఛను వస్తుంది, మధ్యాహ్నానికి అది కొడుకు చేతిలో ఉంటుంది. అబ్బాజాన్‌కు ప్రభుత్వం ఇస్తున్నది కదా, మరి మేమెందుకు ఇవ్వాలి అనే మాట ఈ మధ్య మేము తరచు వింటున్నాం. ధర్మశాస్త్రంలోని ఒక సూక్ష్మాన్ని గమనించండి. కన్న తల్లిదండ్రులకు జకాత్ ఇవ్వడం చెల్లదు. ఎందుకని? పేదలైన తల్లిదండ్రుల పోషణ సంతానంపై విధి. తన బాకీని జకాత్‌తో తీర్చుకునే అధికారం ఎవరికీ లేదు. మన సొంత జకాతే మనల్ని ఆ బాధ్యత నుండి విడిపించనప్పుడు, ప్రభుత్వ ఖజానా నుండి వచ్చే 4,000 రూపాయలు ఎలా విడిపిస్తాయి? తన ఏకారాధన వెనువెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను అల్లాహ్ దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో ఆదేశించాడు. వారు ముసలితనానికి చేరినప్పుడు విసుగుతో చిన్న మాట కూడా నోట రానీయవద్దన్నాడు. ఆ ముసలివారి సొమ్ము గుంజుకుని, ఆపైన విసుక్కునేవాడు ఈ ఆయతును ఏ ముఖంతో పఠిస్తాడు?

మన జిల్లా బిడ్డలు వేల సంఖ్యలో కువైట్‌లో, ఇతర గల్ఫ్ దేశాలలో చెమటోడుస్తున్నారు. వారు పంపే సొమ్ముతోనే అనేక ఇళ్లు నిలబడ్డాయి. వారిని నిందించే ఉద్దేశం మాకు లేదు. కాని రాత్రివేళ ఛాతీ నొప్పి వచ్చిన తల్లిని ఆసుపత్రికి తీసుకుపోవడం కువైట్ నుండి కాదు. అది పొరుగింటివాని పని, ఈ జమాఅత్ పని.

చట్టం ఏమంటున్నదో కూడా తెలుసుకుందాం. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అది మతభేదం లేకుండా అందరికీ వర్తిస్తుంది. పోషించని సంతానంపై రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు తెల్లకాగితంపై అర్జీ ఇస్తే చాలు. వకీలు అక్కరలేదు. నోటీసు అందిన 90 దినాలలో తేల్చాలి, నెలకు 10,000 రూపాయల వరకు మనోవర్తి ఇప్పించవచ్చు. సంతానం లేనివారు, తమ ఆస్తికి వారసులయ్యే బంధువులపై అర్జీ పెట్టుకోవచ్చు. ప్రతి జిల్లాలో 150 మందికి చోటుండే వృద్ధాశ్రమం ప్రభుత్వం నెలకొల్పవచ్చునని కూడా అందులో ఉన్నది. "నెలకొల్పవచ్చు" అన్న ఆ మెత్తని మాట "నెలకొల్పాలి" అని మారనంతవరకు కాగితం కాగితంగానే ఉంటుంది. రాష్ట్ర శాసనసభ్యులను మనం అడగవలసిన వాటిలో ఇదొకటి.

ఇదే చట్టంలోని 23వ సెక్షను మన పెద్దలు తప్పక తెలుసుకోవలసినది. చూసుకుంటాడన్న షరతుతో ఇల్లు వ్రాసి ఇచ్చిన తరువాత కొడుకు చూడకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో 2025 జనవరి 2న సుప్రీంకోర్టు, కొడుకుకు ఇచ్చిన దానపత్రాన్ని రద్దుచేసి ఆస్తిని తిరిగి ఇప్పించింది. ఈ చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా అన్వయించాలని చెప్పింది. అయినా షరతును దస్తావేజులోనే వ్రాయించుకోవడం మేలు. హిబాకు షరతు జోడించే విషయంలో ఫిఖ్హ్‌లో సూక్ష్మమైన చర్చ ఉన్నది, సంతకానికి ముందు ఆలిములను సంప్రదించండి. అసలు బ్రతికుండగానే ఆస్తి పంచి తీరాలని షరీఅత్ ఎవరినీ నిర్బంధించలేదు. వారసత్వపు వాటాలను అల్లాహ్ నిర్ణయించి ఉంచాడు, అవి మరణానంతరం వాటంతటవే వస్తాయి. తలపై కప్పు ఉన్నంతవరకు దాన్ని వదులుకోకండి పెద్దలారా!

మరికొన్ని సౌకర్యాలు అడగనందువలననే అందడం లేదు. 60 నిండినవారికి ఆర్.టి.సి. బస్సులలో 25 శాతం రాయితీ ఉన్నది, వయసు ఋజువు చూపించాలి. 70 నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ పథకం క్రింద 5 లక్షల రూపాయల వరకు వైద్యం 2024 అక్టోబరు నుండి వచ్చింది. వేధింపులు, నిరాదరణ ఎదురైతే 14567 నంబరుకు ఫోను చేయవచ్చు. ఇంట్లో పరువు పోతుందని మౌనంగా భరించే తల్లులు ఆ నంబరు వ్రాసి ఉంచుకోవాలి.

చదువుకున్న యువకులు నమాజు తరువాత వరండాలో కొంతసేపు ఉండండి. ఆధార్‌లో వయసు తప్పు పడినవారు, వ్రేలిముద్ర పడనివారు, అర్జీ వ్రాయించుకోవలసినవారు తమ కాగితాలతో అక్కడికి రండి. రాలేనివారి ఇంటి పేరు, వీధి పేరు చెప్పండి, మనమే వెళదాం.

దైవప్రవక్త (సఅసం) సామూహిక నమాజు చేయించేవారిని, వెనుక వృద్ధులు, బలహీనులు ఉంటారని గుర్తుంచుకుని తేలిక చేయవలసిందిగా ఆదేశించారు. కనుక మేమూ ఇంతటితో ముగిస్తున్నాం. వరుసలు సరిచేసుకోండి. గోడ ప్రక్కనున్న కుర్చీలను పెద్దలకు వదలండి.