పల్లెను ఎంత దూరం నుంచి చూశారు: మెదక్ సీమ దృశ్యకళాకారులు

మెదక్ సీమ దృశ్యకళ అనగానే విమర్శకులు చెప్పే పేర్లు కొన్నే ఉన్నాయి. సిద్దిపేట కాపు రాజయ్య, నిజాంపూర్ లక్ష్మాగౌడ్, ప్రజ్ఞాపూర్ నుంచి సినిమాలోకీ ఛాయాచిత్రాల్లోకీ రంగుల్లోకీ నడిచిన బి. నర్సింగరావు. పక్కనున్న కరీంనగర్ జిల్లా నుంచి తోట వైకుంఠం ఈ వరసలో చేరతారు. జహీరాబాదును ఆనుకుని ఉన్న పస్తాపూర్‌లో వీడియో కెమెరా పట్టిన దళిత మహిళల పేర్లు మాత్రం ఆ జాబితాకు ఎక్కలేదు. వాళ్ల పనిని అభివృద్ధి కార్యక్రమాల ఖాతాలో రాసి, కళల పుస్తకం మూసేయడం అలవాటైపోయింది. కళకూ అభివృద్ధికీ మధ్య గీసిన ఈ గీత నిలిచేది కాదు. అందరి వస్తువూ తెలంగాణ పల్లే. ఆ పల్లెకు కళాకారుడు ఎంత దూరంలో నిలబడ్డాడు, తిండి ఎక్కడ సంపాదించుకున్నాడు అన్న రెండు సంగతుల్లోనే అసలు తేడా ఉంది.

వీళ్లందరికీ ముందున్నవాళ్లు కథల పటాలు రాసే నకాషీలు. చేర్యాల నకాషీ పటం ఖాదీ గుడ్డ మీద తయారవుతుంది. చింతగింజల జిగురు, గంజి, సుద్దమట్టి కలిపి గుడ్డకు పూతలు పూసి ఆరబెడతారు. ఆరిన పూత మీద గీత గీసి ఎర్రని నేల నింపుతారు. బొమ్మ వేసేది నకాషీ అయినా కథ అతనిది కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు తమ కథకు తగ్గట్టు పటం రాయించుకునేవారు. చూసేది ఊరు, రాయించేది కథకుడు, రాసేది నకాషీ. కథ వినేవాళ్లు తగ్గాక పటం చిన్నదై చట్రంలోకి ఎక్కింది. కొనేవాడు మారాడు కాబట్టి బొమ్మ కొలత కూడా మారింది.

నకాషీల గీతను ఆధునిక చిత్రంలోకి తెచ్చినవాడు కాపు రాజయ్య. 1925లో సిద్దిపేటలో పుట్టి, డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి, 2012లో కన్నుమూసేదాకా ఆ ఊరితో బంధం వదలలేదు. సిద్దిపేటలో లలిత కళా సమితిని నెలకొల్పి పిల్లల చేతికి కుంచె ఇచ్చాడు. బతుకమ్మ, బోనాలు, రాళ్లు కొట్టే వడ్డెర స్త్రీలు ఆయన చిత్రాల్లో చదునైన రంగులతో, గట్టి అంచుగీతతో కనిపిస్తారు. నకాషీల పొందిక అందులో స్పష్టంగా తెలుస్తుంది. బడి జీతం ఉండటంతో అమ్మకం కోసం బొమ్మ మార్చుకోవాల్సిన ఒత్తిడి ఆయనకు తక్కువ. చిన్న ఊరి డ్రాయింగ్ మాస్టారి ఉద్యోగం తెలుగు చిత్రకళకు చేసిన మేలు మీద ఇంకా ఎవరూ సరైన పుస్తకం రాయలేదనే చెప్పాలి.

1940లో పుట్టిన కలాల్ లక్ష్మాగౌడ్ దారి వేరు. హైదరాబాదు లలితకళల కళాశాలలో డిప్లొమా, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్రణ, ముద్రణ. బరోడా నేర్పినవాటిలో ఆయన్ను ఎక్కువగా పట్టుకున్నది ఎచింగ్. జింకు రేకు మీద నల్లని పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీత పడిన చోటే లోహం తినిపోతుంది. ఆ గాడిలో సిరా నింపి, తడి కాగితం కప్పి, యంత్రంలో ఒత్తుతారు. గుగ్గిలం లాంటి జిగురుపొడి రేకు మీద చల్లి కాచి ఆమ్లంలో వేస్తే బూడిదరంగు నీడలు దిగుతాయి. అదే ఆక్వాటింట్. 1970ల నాటి నలుపు తెలుపు ముద్రణల్లో, పెన్సిల్ చిత్రాల్లో మేకలు, చెట్లు, తలపాగాల మనుషులు, ఆడమగ దేహాలు ఒకదానిలోంచి ఒకటి మొలుచుకొస్తాయి. పల్లెలో కామం గురించి దాపరికం తక్కువ, పట్నం మర్యాదకే అది ఎక్కువ. ఆ చిత్రాలు చాలామందిని ఇబ్బంది పెట్టాయి. పల్లెను అమాయకంగా, పవిత్రంగా చూపే అలవాటుకు అంత ఘాటైన జవాబు తెలుగు చిత్రకళలో మరొకటి లేదు. హైదరాబాదు దూరదర్శన్‌లో ఉద్యోగం, తర్వాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు కళాపాఠశాలలో అధ్యాపకత్వం ఆయనకు బతుకుతెరువు. టెర్రకోట, కంచు, గాజు వెనక చిత్రణ తర్వాతి మాధ్యమాలు. 2016లో పద్మశ్రీ వచ్చింది. ఉన్నది పట్నంలో, గీసింది జ్ఞాపకంలోని నిజాంపూర్‌ను. ఆ దూరం వల్లే గీతకు అంత పదును వచ్చింది.

వైకుంఠం కూడా బరోడాలో సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నవాడే. 1942లో బూరుగుపల్లిలో పుట్టిన ఆయన చిన్నప్పుడు చూసిన నాటకాల్లో మగవాళ్లే ఆడవేషం కట్టి ముఖానికి రంగు పూసుకునేవారు. ఆ పూత, అమ్మ రూపం కలిసి పెద్ద బొట్టు, నిండైన రంగు చీర ఉన్న తెలంగాణ స్త్రీ అయింది. బి. నర్సింగరావు 1983లో తీసిన ‘రంగుల కల’కు హైదరాబాదులోని ఒక చిత్రకారుడే నాయకుడు. బొమ్మ ఎవరికోసం అన్నదే అతని తంటా. అదే దర్శకుని ‘దాసి’ దొర గడీ లోపలి బతుకును చూపింది. 1988 చిత్రాలకిచ్చిన జాతీయ పురస్కారాల్లో ‘దాసి’ కళాదర్శకత్వానికి దక్కినది వైకుంఠానికే. వైకుంఠం బొమ్మలకు నకళ్లు ఇప్పుడు హోటళ్ల గోడలమీదికీ శుభలేఖలమీదికీ వచ్చేశాయి. ఆ నకళ్లలో బొట్టు, చీర మిగిలాయి, మనిషి జారిపోయింది.

పల్లెను పల్లెవాళ్లే చూపిన పస్తాపూర్ కథ ఇక్కడ కలుస్తుంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాదు చుట్టుపక్కల డెబ్బై అయిదు ఊళ్లలో దళిత మహిళా సంఘాలతో పనిచేసింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాతగా ఉండి వచ్చిన మనిషి. 2023లో ఆయన చనిపోయారు. 1990ల చివర కొందరు మహిళలు వీడియో నేర్చుకున్నారు. వాళ్లలో చాలామంది కూలి చేసుకునేవాళ్లు, బడికి వెళ్లనివాళ్లు. 2001 నుంచి వాళ్ల పని కమ్యూనిటీ మీడియా ట్రస్టు పేరుతో సాగింది. చిన్న నర్సమ్మ, హుమ్నాపూర్ లక్ష్మమ్మ, ఈదులపల్లి మంజుల ఈ బృందంలో పేరు తెచ్చుకున్నవాళ్లు.

అక్షరం రానివాళ్లకు కెమెరా నేర్పేటప్పుడు పాఠం పరిభాషలో సాగదు. పైనుంచి కిందికి చూసే కోణాన్ని వాళ్లు పటేల్ షాట్ అన్నారు. కింది నుంచి పైకి చూసేది బానిస చూపు. కళ్లకు సమానంగా కెమెరా నిలిపితే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. సినిమా పాఠశాలల్లో కోణాన్ని నాటకీయత కోసమని చెబుతారు. ఇక్కడ అది ఎవరు ఎవరిని చూస్తున్నారన్న లెక్క అయింది. వాళ్ల చిత్రాల్లో రైతు చేనులో కూర్చుంటే కెమెరా కూడా కూర్చుంటుంది.

2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఈ మహిళలు వరంగల్ జిల్లాకు వెళ్లి, విత్తు నుంచి పత్తి ఏరేదాకా చిన్న రైతుల చేలను పదేపదే చిత్రించారు. ఆ రైతులు ఎందుకు కోపంగా ఉన్నారని అడిగే చిత్రం 2003లో వచ్చింది. ఒక పంటకాలమంతా అదే మనిషి, అదే చేను. మొదట ఆశ, తర్వాత అప్పు గురించిన మాట. ఈ వరస పత్రికా వార్తలో దొరకదు. ఆ చిత్రాలు విదేశాల్లోనూ ఆడాయి. బీటీ పత్తి మీద వాటి వాదంతో ఒప్పుకోనివాళ్లు ఉండవచ్చు గానీ, కాలాన్ని కూర్చిన తీరును కాదనడం కష్టం.

కెమెరా ఒక్కటే జహీరాబాదు ప్రాంతపు దృశ్యకళ కాదు. ఏటా సంక్రాంతి నాటికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఎడ్లబండ్లను అలంకరించి, జొన్న, సజ్జ, కొర్ర, కంది మొదలైన విత్తనాలను బండ్ల మీద పేర్చి ఊరూరా తిప్పుతారు. ఏ గింజ పక్కన ఏ గింజ ఉండాలి, ఏ రంగు ముందుకు రావాలి అన్నది ఆడవాళ్లే తేలుస్తారు. నగరపు గ్యాలరీలో ఇలాంటి పనిని ఇన్‌స్టలేషన్ అంటారు. అక్కడ దాని పక్కన పేరు, సంవత్సరం, కొలత రాసిన చీటీ ఉంటుంది. జాతర బండికి చీటీ లేదు.

ఈ లోటు భద్రపరిచే విధానంలోనూ ఉంది. రాజయ్య చిత్రానికి మ్యూజియం గోడ దొరికింది. లక్ష్మాగౌడ్ ముద్రణకు ప్రతి సంఖ్య, సంతకం ఉంటాయి. వీడియో టేపు అయస్కాంత పూతతో తయారైంది, తేమకు, వేడికి చెడిపోతుంది. టేపును చదివే యంత్రాలు ఇప్పటికే అరుదు. పస్తాపూర్ చిత్రాల మూలప్రతులను డిజిటల్ రూపంలోకి మార్చడం, తీసినవారి పేరు, ఊరు, తేదీ, కూర్పు చేసినవారి వివరం నమోదు చేయడం, జాతర బండ్లను ఏటా ఛాయాచిత్రాలతో పట్టికగా దాచడం విశ్వవిద్యాలయాల చిత్రకళా శాఖలు చేపట్టగల పనులు. తీసినవాళ్లు ఇంకా ఊళ్లలోనే ఉన్నారు, ఏ షాట్ ఎందుకు తీశారో వాళ్ల నోటితోనే రికార్డు చేయడానికి వీలుంది.