బాబాసాహెబ్ విరామ ఘడియలు



రచయితలు కలం పక్కన పెట్టిన వేళలలో ఏమి చేస్తారన్న విషయం ధమ్మ సభకు తగునా అని కొందరు పెద్దలు సందేహించారు. తగునని నా అభిప్రాయం. ప్రతి జయంతికీ మన పిల్లలకు, బాబాసాహెబ్ రోజుకు పద్దెనిమిది గంటలు చదివారని చెబుతున్నాము. ఆ మాట విన్న పిల్లవాడు సాయంత్రం బంతి పట్టుకొనుటకు కూడా జంకుతున్నాడు. ఆయన వయొలిన్ నేర్చుకున్నారని మాత్రం చెప్పడం లేదు.

నేర్చుకున్నారు, అదీ జీవితపు ఉత్తర భాగంలో, గురువును పెట్టుకొని. స్వయంగా వండి మిత్రులకు వడ్డించేవారు. తోట పెంచారు. పెంపుడు కుక్క మరణిస్తే దుఃఖించారు. న్యూయార్కులో చదువుకునే నాడే పాత పుస్తకాల దుకాణాలు గాలించి సుమారు రెండు వేల గ్రంథాలు కొన్నారు. 1956 డిసెంబరు 5 రాత్రి, అనగా చివరి రాత్రి, ‘బుద్ధం శరణం’ రికార్డు పెట్టించుకొని విన్నారు. కబీరు పాట తానే పాడుకున్నారు. ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ పీఠికను నానక్‌చంద్ రత్తు చేత మంచం దగ్గరకు తెప్పించుకున్నదీ ఆ రాత్రియే. పాట, పీఠిక ఒకే రాత్రి ఇమిడినవి.

అయితే విరామం అందరికీ ఒకే తీరున దక్కదు. మన బిలాస్‌పూర్ స్టేషన్‌ను ‘ఫాంకి’ కవితలోకి తెచ్చిన రవీంద్రులు అరవై దాటిన పిదప కుంచె పట్టారు. 1930లో ఆ చిత్రాలు పారిస్‌లో ప్రదర్శితమైనవి. గొప్ప విషయమే. కాని జమీందారీ ఇంట విరామం వారసత్వంగా వస్తుంది. భీమరావుకు దక్కినది బొంబాయి పరేల్‌లో ఒంటి గది. అందులో చదువుకు చోటు లేదు గనుక బాలుడు ముందుగా నిద్రపోయి, తండ్రి రాత్రి రెండు గంటలకు లేపితే దీపం ముందు కూర్చునేవాడు. ఆ దీపాన్ని మనం కీర్తిస్తున్నాము. ఆయన మరొక దారి ఆలోచించారు. 1945లో కాంగ్రెసును, గాంధీవాదాన్ని విమర్శిస్తూ వెలువరించిన గ్రంథంలో యంత్రాన్ని సమర్థించినది ఇందుకే. పశువు వలె శ్రమించే మనిషికి సంస్కృతి అందదు. సంస్కృతికి విరామం కావలె, విరామానికి యంత్రం కావలె, ప్రజాస్వామ్యం దానిని కొందరికి గాక అందరికీ సమకూర్చవలె: ఇదీ ఆయన వాదసారం. యంత్రాల చప్పుడు నడుమ పుట్టి పెరిగిన మనకు ఇంతకన్న దగ్గరి మాట ఏముంటుంది?

వాదంతో ఆగలేదు. 1942 నుండి 1946 వరకు వైస్రాయి మండలిలో కార్మిక శాఖ ఆయనదే. పద్నాలుగు గంటల పనిని ఎనిమిది చేశారని వేదికల మీద అంటుంటారు. చరిత్ర అధ్యాపకునిగా దీనిని సరిదిద్దక తప్పదు. ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలలో వారానికి 54 గంటలుగా ఉన్న గరిష్ఠ పరిమితి 1946 సవరణ చట్టంతో 48కి దిగినది. ఆ ఆరు గంటలు చిన్నవి కావు. అతిశయోక్తి అవసరం లేదు.

శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికి వచ్చిన మన తాతలు, కాల్ బాయ్ తలుపు తడితే అన్నం ముందు నుండి లేచి వెళ్లారు. నేటికీ రన్నింగ్ స్టాఫ్ పనివేళలు ఫ్యాక్టరీ చట్టం క్రింద కాక వేరు నియమాల క్రింద ఉన్నవి. మన కాలనీలో వ్రాసేవారు డ్యూటీకి డ్యూటీకి నడుమ, నిద్ర మాని వ్రాస్తున్నారు. మిగిలిన కొద్ది ఘడియలను సంఘం పని పేరిట మనమే తీసుకుంటున్నాము.

పాదాలు నెత్తురు కారేదాకా చంక్రమణం చేసిన సోణ భిక్షువుకు భగవానుడు వీణ తీగెలను గుర్తు చేసిన కథ మీ అందరికీ తెలిసినదే. సోణుడు పూర్వాశ్రమంలో వైణికుడు. ఆ ఉపమానం అతనికి తక్షణమే బోధపడినది.

నా మనవి ఒక్కటి. ఆదివారం వందన తరువాత మూడు ఉపన్యాసాలు పెడుతున్నాము. రెండు తగ్గించండి, నాది మొదట తగ్గించండి. ఆ గంటలో పిల్లలకు హార్మోనియం, ఢోలక్ నేర్పించండి. నైట్ డ్యూటీ దిగినవారిని ఆ ఉదయం సభకు పిలవకండి, పడుకోనివ్వండి.