గోధుమవన్నె గరుడపక్షి

మాదాపూరు అద్దాల మేడలమీద మిట్టమధ్యాహ్నవేళ ఒక పెద్ద పక్షి రెక్క కదపక తిరుగుచుండును. తలయెత్తి చూచినవారు "గద్ద" యని తమ దారిన తాము పోవుదురు. చాలవరకు వారి మాట నిజమే. కాని ఆఫ్రికా సవన్నా బయళ్లకును, మన దక్కను మెట్టనేలలకును ఉమ్మడి చుట్టమైన పక్షి వేరొకటి కలదు. ఆంగ్లమున దానిని టానీ ఈగిల్ అందురు. మనము గోధుమవన్నె గరుడపక్షి యందము.

దీనిని గుర్తించుట యెట్లు? మొదట తోక చూడవలెను. ఊరగద్ద తోక చీలియుండును. దీని తోక కొన గుండ్రము. పిదప కాళ్లు. దీనికి వ్రేళ్లవరకు ఈకలే, షరాయి తొడిగినట్లుండును. రెక్కలు చాచిన అయిదడుగులకు మించును. రంగును మాత్రము నమ్మరాదు. ఒకటి ముదురు గోధుమవన్నె, మరియొకటి మీగడవన్నె. శీతకాలమున మధ్య ఆసియానుండి వలసవచ్చు స్టెప్ ఈగిల్ దీనిని పోలియుండును. అప్పుడు నోటిచీలిక చూడుడు. వలసపక్షికది కంటి వెనుక అంచువరకు సాగును. దీనికి కంటి నడుమకే ఆగును.

శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు అక్విలా రపాక్స్. రపాక్స్ అనగా దోచుకొనునది. పేరు తగినదే. ఎలుకలను, తొండలను, చిన్న పక్షులను వేటాడ నేర్చియు, ఇతర పక్షుల నోటికూడు తరిమి లాగుకొనుటయే దీనికి మక్కువ. ఆఫ్రికాలో సింహము విడిచిన యెంగిలికి, ఇచ్చట ఊరిబయటి పశుకళేబరమునకు సిగ్గుపడక వ్రాలును. తుమ్మవంటి ముండ్లచెట్టు కొనపై పుల్లలతో గూడు కట్టి, సాధారణముగ రెండు గ్రుడ్లు పెట్టును. పెద్దపిల్ల చిన్నదానిని పొడిచి చంపుటయు కలదు.

సలీం ఆలీ 1931లో హైదరాబాదు సంస్థానమున పక్షుల సర్వే జరిపిన నాటికి మాదాపూరు ఒక పల్లె. 1998లో సైబర్ టవర్స్ వెలసెను. అటుపిమ్మట చుట్టుపట్ల కంచలు, రాతిగుట్టలు తరిగిపోయినవి. కంచ పోయిన, ముండ్లచెట్టును పోవును. ఎలుకయు, తొండయు పోవును. ఇక గరుడపక్షికి ఏమి మిగులును?

కళేబరములో విషము పెట్టుట మరియొక ముప్పు. కుక్కకో తోడేలుకో ఉద్దేశించిన విషము ఈ పక్షిని చంపును. రాబందులను తుడిచిపెట్టిన డైక్లోఫెనాక్ మందును పశువైద్యమున 2006లో నిషేధించిరి. రాజస్థానమున మరణించిన స్టెప్ ఈగిల్ పక్షులలోను ఆ మందు కనబడినట్లు 2014లో పరిశోధకులు ప్రకటించిరి. ఈ రెండును దగ్గరి జ్ఞాతులే. 2018లో గోధుమవన్నె గరుడపక్షిని ప్రపంచ ప్రమాదజాతుల పట్టికలో చేర్చిరి.

శ్రోతలారా! మన పెద్దలు డేగ, సాళువ, గద్ద యని వేటపక్షులకు వేరువేరు పేర్లు పెట్టుకొనిరి. అన్నింటిని గద్దయే యన్నచో, అందొకటి కనుమరుగైనను మనకు తెలియదు. రేపు మేడమీద పిల్లలతో నిలిచినపుడు, ఒక్కసారి ఆ తోకవంక చూడుడు.