మెత్తని నేల, ఎగురలేని విమానము



మన తరిగొప్పుల వంటి పల్లెలలో వానకాలమున బండి తోలినవారికి ఒక సంగతి వేరుగ చెప్ప నక్కరలేదు. చల్క నేలపై తేలికగా సాగిన బండియే రేగడిలో దిగబడును. ఎడ్లును అవియే, తోలువాడును వాడే. మారినది నేల మాత్రమే. ఓరుగల్లు చెంత మామునూరున 1930లోనే విమానాశ్రయము వెలసినది గాన విమానము మన సీమకు క్రొత్త కాదు. ఆ విమానమునకును ఈ నేల చిక్కు తప్పదని నేడు విన్నవించెదను. పదవి విరమించిన పంతులను గాన దృష్టాంతములతో చెప్పుట నాకలవాటు.

విమానము పక్షివలె రెక్కలాడించి యెగురునది కాదు. నేలపై పరుగెత్తి, రెక్కల మీదుగ గాలి తగినంత వేగముతో పారినప్పుడే లేచును. బురదగాని తడిగడ్డిగాని యున్నచో చక్రములు దిగబడి, ఇంజను బలము నేలతోడి పెనుగులాటకే చెల్లిపోవును. పరుగు సాగును, వేగము పెరుగదు. ఇంతలో పొలము చివరి గట్టో చెట్టో యెదురగును.

ఇందు మరియొక మోసము కలదు. నేలకు మిక్కిలి దాపున గాలి రెక్కలకు కొంత అదనపు ఆసరా యిచ్చును. అందుచే వేగము చాలకున్నను చక్రములు నేల విడుచును. లేచితినని మురిసి వెంటనే ముక్కు పైకెత్తినచో ఆ ఆసరా తొలగి విమానము కూలును. నేర్పరి నేలను విడిచిన పిదప కొంతదూరము నేల దాపుననే పోయి, వేగము కూడిన మీదటనే పైకేగును. అంతకు మున్నే పొలమున కాలినడకను తిరిగి నేలను పరీక్షించును. సగము దూరము గడచునప్పటికి కావలసిన వేగములో నూటికి 70 పాళ్లు రానిచో ఆపివేయవలెనని వైమానికులలో నొక నియమము. ఆపుట పరాభవము కాదు.

1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా చిన్న విమానమున కరాచీ నుండి నాటి బొంబాయిలోని జుహూకు టపా తెచ్చెను. జుహూ మైదానము వానలకు నీట మునుగుచుండుటచే, ఆ కాలమున టపా విమానములను పూనాకు మార్చుచుండిరి. నేల నెరిగి నడచుకొనుట యిట్టిది.

నేల నెరుగక తీర్పు చెప్పిన ఉదాహరణము పెద్ద విమానమునకు సంబంధించినది. 1958 ఫిబ్రవరి 6న జర్మనీలోని మ్యూనిక్‌లో ఫుట్‌బాల్ ఆటగాండ్రను గొనిపోవు విమానము, ఇంజను తీరు బాగులేక రెండుమార్లు ఆగి, మూడవమారు పరుగెత్తెను. దారిపై సగము కరగిన మంచు బురదవలె నుండెను. 117 నాట్లకు పెరిగిన వేగము 105కు పడిపోయెను. విమానము లేవక కంచెను దాటి యింటిని ఢీకొనెను. 44 మందిలో 23 మంది మరణించిరి. రెక్కలపై మంచు తుడిపింపలేదని జర్మను దర్యాప్తు కెప్టెన్ జేమ్స్ థెయిన్‌ను తప్పుపట్టెను. ఆయన ఉద్యోగము పోయెను. ఏండ్ల తరబడి పోరాడగా, కారణము దారిపై మంచుబురదయేయనియు ఆయన నిర్దోషియనియు 1969లో బ్రిటిషు దర్యాప్తు తేల్చెను. 1975లో ఆయన కన్నుమూసెను.

పెద్దలారా! ఊరి తగవులు మీ యెదుటికి వచ్చును. బండి బోల్తాపడినదని విన్నంతనే తోలువానిని నిందింపక, ముందు ఆ చోటికి పోయి నేలను చూచిరండు. పదునొకండేండ్ల ఆలస్యము ఒక మనుష్యుని బ్రదుకున చిన్నది కాదు.