గుంత కూలే ముందు గుర్తులు

 

ఈరోజు గనుల గురించి మాట్లాడుకుందాం. మన కోడుమూరు చుట్టుపక్కల కంకర క్వారీలకు పనికి పోయేవాళ్ళు ఉన్నారు. బేతంచెర్ల బండల గనులకు పోయేవాళ్ళూ ఉన్నారు. తుగ్గలి మండలం జొన్నగిరి దగ్గర బంగారు గని ఉంది. ఇవి సొరంగాలు కావు. భూమిని పైనుంచి తవ్వుకుంటూ దిగే గుంతలు. నెత్తిన ఆకాశం కనిపిస్తుంది కదా, భయమేముంది అనుకుంటాం. కానీ ఇక్కడ కూలేది కప్పు కాదు. పక్కనున్న గోడ.

2025 ఆగస్టు 3న బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో బండలు జారిపడినాయి. ఒడిశా నుంచి కూలికి వచ్చిన 6 మంది చనిపోయినారు. 2016 డిసెంబరు 29 రాత్రి జార్ఖండ్‌లోని రాజమహల్ బొగ్గు గనిలో మట్టి జారింది. 23 మంది పోయినారు.

గోడ ఎందుకు కూలుతుంది? బండ మనకు ఒకే ముక్కలా కనిపిస్తుంది. నిజానికి దానిలో పొరలు ఉంటాయి, పగుళ్ళు ఉంటాయి. వాలులో జొన్న బస్తాలు దొంతర పెట్టి, అడుగు బస్తా లాగితే ఏమవుతుంది? పైవన్నీ జారుతాయి. బండ కూడా అంతే. పొర గుంతవైపు వాలి ఉన్నప్పుడు కింద ఆనిన రాయిని తీసేస్తే, పై రాయి జారుతుంది. వాన నీళ్ళు పగులులోకి దిగితే రాయిని ముందుకు తోస్తాయి. తూటాలు పేల్చితే పగుళ్ళు ఇంకా వదులవుతాయి. తీసిన మట్టిని గుంత అంచున పోస్తే ఆ బరువు కూడా గోడమీదే పడుతుంది.

అందుకే గుంతను మెట్లు మెట్లుగా తవ్వాలి. 1961లో వచ్చిన లోహ గనుల నిబంధనలు కొలతలు చెప్పినాయి. మట్టి, గరుసు నేలలో మెట్టు ఎత్తు మీటరున్నర దాటకూడదు. అంటే సుమారు 5 అడుగులు. మెట్టు వెడల్పు దాని ఎత్తుకు తగ్గకూడదు. గట్టి రాయిలో మెట్టు ఎత్తు 6 మీటర్లు దాటకూడదు. పెద్ద యంత్రాలతో తవ్వేచోట వేరే అనుమతి తీసుకోవాలి. గోడ అడుగున తొలిచి, పైభాగం వేలాడేలా తవ్వకూడదు.

గోడ చాలాసార్లు కూలే ముందు గుర్తులు చూపిస్తుంది. గట్టుమీద కొత్త నెర్రె వస్తుంది. గోడలోంచి కొత్తగా నీటి ఊట వస్తుంది. ఊరికే చిన్న రాళ్ళు రాలుతుంటాయి. గోడ పొట్ట ముందుకు ఉబుకుతుంది. ఇవి కనిపిస్తే మొదట కిందున్న మనుషులను పైకి రప్పించాలి. మిగతా పని తర్వాత.

చిన్న పగులైతే పెరుగుతుందో లేదో కొలవాలి. గని బాధ్యత చూసేవాళ్ళు పగులుకు ఇటొకటి అటొకటి మేకులు కొట్టించాలి. రోజూ రెండు మేకుల మధ్య దూరం కొలవాలి. తేదీ వేసి పుస్తకంలో రాయాలి. నిన్న ఒక వేలెడు, ఈరోజు రెండు వేళ్ళు అయిందంటే గోడ కదులుతున్నట్టే. ఇక ఎవరూ దిగకూడదు.

అమెరికాలో బింగ్‌హామ్ కాన్యన్ అనే పెద్ద రాగి గని ఉంది. 2013 ఏప్రిల్ 10 రాత్రి అక్కడ కొండంత గోడ కూలింది. ఒక్కరు కూడా చావలేదు. యాలంటే, గోడ కదలికను ముందునుంచీ యంత్రాలతో కొలుస్తా వచ్చినారు. కదలిక ఎక్కువయ్యేసరికి మనుషులందరినీ బయటికి పంపించినారు. వాళ్ళ యంత్రం చేసిన పని, మన మేకులు చేసే పని ఒకటే.

“ఒక పూట కూలి పోతుంది, దిగుదాంలే” అనిపిస్తుంది. పూట కూలి రేపు సంపాదించుకోవచ్చు. మనిషి పోతే ఆ ఇంటి పొయ్యి ఎవరు వెలిగిస్తారు? ఒక్కరే చెబితే మేస్త్రీ వినకపోవచ్చు. నలుగురూ కలిసి, “అయ్యా, నెర్రె పెరిగింది, చూడు” అని పుస్తకం చూపించండి. వినకపోతే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్‌కు ఉత్తరం రాయండి. ఇది కేంద్ర ప్రభుత్వ శాఖ. 1902లో మొదలైంది. పెద్ద కార్యాలయం ధన్‌బాద్‌లో ఉంది. హైదరాబాదులోనూ కార్యాలయం ఉంది.

నిన్నటిదాకా వేలిముద్ర వేసినాం. ఈరోజు తేదీ రాయగలం, అంకె రాయగలం, ఉత్తరం రాయగలం. రేపు గనికి పోయేటప్పుడు సద్దితో పాటు ఒక పలక, ఒక టేపు కూడా పెట్టుకోండి. దిగే ముందు గట్టు చూడండి. చూసినది రాయండి.

సెలవు.